కదిరమ్మ తెచ్చిన గొర్రెపిల్ల

పోయిన వారం మనం దివాకర్‌ని నక్కలవంక చావిడి మెట్ల మీద, మెడలో బంతిపూల దండతో నిలబెట్టి వచ్చాం. దండ వేసింది ఊరే, చప్పట్లు కొట్టిందీ ఊరే. ఆ మెడకు ఆ దండ ఎంత బరువైందో తెలిసినవాళ్లు మాత్రం ఇద్దరే. ఒకరు దివాకర్, ఇంకొకరు ఆయన భార్య వనజాక్షి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. రాప్తాడు దాటాక బెంగళూరు హైవేకి ఇటు నక్కలవంక, అటు గొర్రెలు మేసే గుట్ట. తాతల నాటి నుంచీ ఊరెదురుగానే రోడ్డు దాటేవాళ్లు. రోడ్డును నాలుగు వరసలు చేసినప్పుడు నడిమధ్యన సిమెంటు గోడ లేచింది. దాటడానికి గోడలో వదలాల్సిన సందు ఊరెదురుగా రాలేదు, ఎక్కడో మైలు అవతల దివాకర్ కొత్తగా పెట్టిన పెట్రోలు బంకు ఎదురుగా వచ్చింది. సందుంటే రెండు వైపుల బండ్లూ బంకులోకి తిరుగుతాయి, లేకపోతే ఒక వైపువే. రోడ్డు కంపెనీ ఇంజనీరుకు ఒక మధ్యాహ్నం ఇంట్లో భోజనం పెట్టి దివాకర్ ఆ సందును అక్కడికి జరిపించుకున్నాడు. ఊరికి ఆ సంగతి తెలియదు. ఎవరో కుర్చీలో కూర్చుని గుడ్డిగా గీత గీశారనుకుంది.

ఆ తర్వాత ఒక సాయంత్రం కురుబ ఓబుళేసు మంద పాత దారి వదలక ఆ గోడెక్కి దూకింది. గ్రానైటు బండలతో వస్తున్న లారీ ఆగలేకపోయింది. మందలో సగం గొర్రెలు పోయాయి, వాటిని మళ్లించబోయిన ఓబుళేసుకు మోకాలి కింద కాలు పోయింది. రక్తపు మడుగులో ఉన్న మనిషిని కారులో వేసుకుని అనంతపురం ఆసుపత్రికి పరుగెత్తింది ఎవరు? మన దివాకరే. అందుకే ఊరు కూడి, రేపు పొద్దున హైవే మీద బైఠాయించాలని, ముందు దివాకర్ నిలబడి మాట్లాడాలని తీర్మానించి మెడలో దండ వేసింది. చూశారా ఎంత చక్కగా కుదిరిందో!

ఇక ఆ దండతో దివాకర్ ఇంటికి వచ్చాడు.

వచ్చాడే గానీ దండను ఎక్కడ పెట్టాలో తోచలేదు. నడవాలో నాయన వీరప్పరెడ్డి ఫోటో ఉంది. ఏ దండ వచ్చినా దానికే వేయడం అలవాటు. ఇవాళ ఆ ఫోటో వైపు కన్నెత్తి చూడలేకపోయాడు. చేతిలో పట్టుకుని నడవా నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి దొడ్లోకి తిరిగి, చివరికి పాలిచ్చే ఎనుము ముందు పడేశాడు. ఎనుము ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది. "నీకు కూడా వద్దా?" అని గొణుక్కున్నాడు.

అప్పుడే వాకిట్లో "చిన్నరెడ్డీ, ఉండావా నాయనా?" అని పిలుపు వినిపించింది.

ఓబుళేసు భార్య కదిరమ్మ. రొమ్ముకు ఆనించుకుని ఒక గొర్రెపిల్లను తెచ్చింది. తెల్లది, ఒక చెవి మాత్రం నలుపు. కొంగులో చుట్టుకుని తెచ్చినందువల్ల తల ఒక్కటే బయటికి పెట్టి చూస్తోంది.

"ఏం కదిరక్కా, ఈ పొద్దప్పుడు?"

"దీని తల్లి ఆ పొద్దు రోడ్డు మీదనే పోయినాది. ఇది ఇంట్లో ఉన్న్యందుకు బతికినాది. సీసాతో పాలు పోసి సాకినా. ఇంగ నీ ఇంట్లోనే పెరగల్ల."

దివాకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. గొర్రెపిల్లను ఇవ్వడమంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ముంగారు వానలకు విత్తనం వేసే ముందు ఓబుళేసు మంద ప్రతి ఏడూ దివాకర్ పొలంలోనే రాత్రుళ్లు పడుకుంటుంది. గొర్రెల ఎరువుతో నేల బలిసి, వేరుశెనగ నాలుగు కాయలు ఎక్కువ కాస్తుంది. అందుకు దివాకర్ ఇంటి నుంచి కురుబోళ్లకు గింజలు పోతాయి, మంద దగ్గర కాపలా ఉన్నవాళ్లకు రాత్రి సంగటి పోతుంది. ఇది నాయన నాటి నుంచి వస్తున్న వరస. మందకు గానీ, మంద కాసేవాడికి గానీ ప్రాణాపాయం తప్పించిన ఇంటికి కురుబోళ్లు ఒక పిల్లను తెచ్చి ఇస్తారు. ఇచ్చాక ఆ ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకటే. ఆ పిల్లను తిప్పి పంపితే మాత్రం, మీకూ మాకూ ఇక మంద లేదు, మాట లేదు అని అర్థం. ఊళ్లో అలా తిప్పి పంపిన ఇల్లు ఎవరి జ్ఞాపకంలోనూ లేదు.

"ఇప్పుడెందుకక్కా ఇది? ఉండే మందే సగం పోయె. మీ దొడ్లోనే ఉండనీ."

"మీ అన్న గూడా అట్లనే అన్న్యాడు. పోవద్దు, ఇయ్యొద్దు అన్న్యాడు. మంచానపడి మనిషికి మతి చెదిరినట్టుండాది. నాకు పానం ఒప్పల్యా. ఆ పొద్దు రోడ్డు మీద ఎన్ని కార్లు పోయినాయి నాయనా! ఒక్కడన్నా ఆపినాడా? చచ్చిన గొర్లను ఎత్తుకొని డిక్కీలో ఏసుకోను మాత్రం ఆపినారు. నువ్వొక్కనివే మనిషిని ఎత్తుకొంటివి." కదిరమ్మ కళ్లు తుడుచుకుని నవ్వింది. "నీ కారు సీటంతా నెత్తురైపోయిందంట గదా. మావోడు తిప్పేష్ చెప్పినాడు. కడిగినా పోల్యాదంట."

ఈలోగా వనజాక్షి పసుపు కుంకుమల గిన్నెతో బయటికి వచ్చింది. పిల్లను ఇంట్లోకి తీసుకోవాలంటే నుదుట బొట్టు పెట్టాలి. కదిరమ్మ పిల్లను కింద దించి పట్టుకుని కూర్చుంటే, వనజాక్షి దాని ముందు కూర్చుంది, వేలు కుంకుమలో ముంచింది, అంతే. ఆ వేలు అక్కడే ఆగిపోయింది. కదిరమ్మ ఒక క్షణం చూసి, "ఏం తల్లీ, ఒళ్లు బాగల్యాదా?" అని తనే ఆ చేయి పట్టుకుని గొర్రెపిల్ల నుదుటికి ఆనించింది. బొట్టు వంకరగా పడింది.

"రేపు రోడ్డు కాడ మీ అన్నను మంచంతో సహా మోసకొస్తాం," అంది కదిరమ్మ లేస్తూ. "నువ్వు గట్టిగా అడుగు నాయనా. ఈ గోడ ఇట్ల పెట్టినోనికి మా ఉసురు తగలకుండా పోదు."

తిట్టు ఎవరికి తగిలిందో తెలియని మనిషి ఆ తిట్టు తిట్టి, చల్లగా గేటు వేసి వెళ్లిపోయింది. దివాకర్ వాకిట్లోనే నిలబడిపోయాడు. నలభై ఏళ్లు పైబడిన మనిషికి, మండలంలో నలుగురు లేచి కుర్చీ ఇచ్చే మనిషికి, సిగ్గుతో చెవులు కాలడం అప్పుడు తెలిసింది.

వనజాక్షి గొర్రెపిల్లను వంటింటి పక్క గుంజకు కట్టింది. అది కొత్త చోటు చూసి ఒకటే అరుపు.

"కాసిన్ని పాలు పోయరాదా దానికి?" అన్నాడు దివాకర్ విసుగ్గా.

"పోస్తాలే. పోసే చేతులే గదా ఇవి. ఆ పొద్దు ఇంజనీరు సారుకు సంగటి ముద్ద పెట్టింది, కూర వడ్డించింది, ఇంగొంచెం ఏసుకో సారూ అని బతిమాలింది ఈ చేతులే."

"నువ్వు పెడితివి, నేను పెట్టమంటి. నిన్నెవరన్న్యారు ఇప్పుడు?"

"ఎవరూ అనకపోతేనే గదా నాకు ఇట్లుండేది!"

దివాకర్ అరుగు మీద కూర్చున్నాడు. తనకు తాను చెప్పుకునే మాటలన్నీ ఆమెకు చెప్పాడు. రోడ్డు రావాలని ఊరిని ఒప్పించింది తనే కదా. భూమి పోతుందని ఏడ్చినవాళ్ల ఇళ్లకు తిరిగి, బెంగళూరు ఇక మన పెరడే అని చెప్పింది తనే కదా. ఇవాళ మన టమోటా తెల్లారేసరికి అక్కడి మార్కెట్లో ఉంటోంది. చీనీ తోటలవాళ్ల వాకిట్లోకే లారీ వస్తోంది. ఆడపిల్లలు బట్టల ఫ్యాక్టరీ బస్సెక్కి పోయి నెల జీతం తెస్తున్నారు. బంకులో ఊరి పిల్లలకే పని ఇచ్చాడు, ఓబుళేసు కొడుకు తిప్పేష్ కూడా అక్కడే పెట్రోలు పడుతున్నాడు. అవన్నీ అబద్ధమా?

"నేనేమన్నా దొంగతనం చేసినానా? బంకు నడవకపోతే అందురం మునిగిపోతాము. ఒక సందు కొంచెం జరిగింది, అంతే!"

"మునిగేది మనం గదా. కాలు పోయింది వాళ్లది." వనజాక్షి పాలసీసా గొర్రెపిల్ల నోటికి అందిస్తూ అంది. "రేపు మైకు పట్టుకొని ఏం చెప్తావు?"

"గవర్నమెంటోళ్లను తిడతా. సందు ఊరికాడికి మార్చాలంటా. మారితే బంకు నష్టం నాదే గదా? నష్టపోయినా సరే అడుగుతాండా గదా? ఇంగేం చేయల్ల?"

వనజాక్షి పాలసీసాను ఇంకొంచెం పైకెత్తింది. గొర్రెపిల్ల చప్పరిస్తూ తాగింది. ఆ చప్పుడు వింటూ కూర్చోలేక దివాకర్ చెప్పులు తొడుక్కున్నాడు. ఓబుళేసును ఒకసారి చూసొస్తానన్నాడు. చూసి ఏం చేస్తాడో తనకే తెలియదు.

పొద్దు గుట్ట వెనక్కి దిగుతోంది. ఓబుళేసు ఇల్లు ఊరి చివర. ఇంటి ముందు కంపల దొడ్డి, అందులో మిగిలిన గొర్రెలు. ఆ దొడ్డి ఎప్పుడూ ఇరుగ్గా ఉండేది. ఇప్పుడు గొర్రెలన్నీ ఒక మూలకు చేరి పడుకుంటే మిగతాదంతా ఖాళీ. ఓబుళేసు వాకిట్లో నులక మంచం మీద, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దుప్పటి మోకాలి దగ్గర చదునుగా పడి ఉంది. దివాకర్ చూపు అక్కడికే పోయింది, వెంటనే తప్పుకుంది.

"రా చిన్నరెడ్డీ. ఆమె లేదు, నీళ్లకు పోయినాది. గొర్రెపిల్ల ముట్టినాదా?"

"ముట్టింది అన్నా."

ఓబుళేసు దివాకర్ కన్నా పదేళ్లు పెద్ద. దివాకర్ పిల్లోడుగా ఉన్నప్పుడు పొలంలో మంద నిలిపితే, ఓబుళేసు గొంగడిలో దూరి పడుకునేవాడు. నక్షత్రాలను చూపించి పేర్లు చెప్పింది ఓబుళేసే. అందుకే నలుగురిలో పేరు పెట్టి పిలిచినా, ఇద్దరే ఉన్నప్పుడు అన్నా అంటాడు.

దివాకర్ బట్టీ పట్టిన పాఠంలా మొదలుపెట్టాడు. జైపూరు కట్టుడు కాలు పెట్టిస్తానన్నాడు. బంకు దగ్గర టీ అంగడి పెట్టిస్తానన్నాడు. కూర్చుని చేసే పనే, ఇబ్బంది ఉండదన్నాడు. పోయిన గొర్రెలకు బదులు కంబదూరు వైపు నుంచి మంచి గొర్రెలు కొనిపిస్తానన్నాడు. ఓబుళేసు అన్నీ విన్నాడు. గడ్డం గోక్కున్నాడు.

"టీ అంగడి పెడితే పొట్టేలు కూర గూడా పెట్టల్నా చిన్నరెడ్డీ? సార్లొస్తే?"

మాట మామూలుగానే ఉంది. నవ్వుతూనే అన్నాడు.

"ఏం పొట్టేలు అన్నా?"

"మరిచిపోతివా? ఇంటికి పెద్ద సారొస్తాండాడు, మంచి పొట్టేలు తోలకరాన్నా అని నాకే గదా చెప్పి పంపితివి. తెచ్చి నీ దొడ్లోనే కోసినా. చింతచెట్టుకు యాలాడదీసి తోలు తీస్తాండా. మీరిద్దరూ ఆ పక్క వసారాలో కూచోనుండారు. నడుమ తడికె ఒగటే."

దివాకర్ మంచం పట్టె పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఊళ్లో ఈ సంగతి తెలిసింది తనకూ వనజాక్షికీ మాత్రమే అనుకున్నాడు. తడికె అవతల మూడో మనిషి ఉన్నాడన్న సంగతే తట్టలేదు. తట్టదు మరి. దొడ్లో పని చేసే మనిషిని ఎవరు మనిషిగా లెక్కపెట్టారు కనక?

"నువ్వు... విన్న్యావా?"

"చెవులుండాయి గదప్పా. ఆ సారు అడిగినాడు నిన్ను. ఊరోళ్లు అంత దూరం ఎట్ల పోతారు రెడ్డిగారూ, గొడవ చేయరా అని. పాపం, ఆయప్ప అడిగినాడు. నువ్వేమంటివో గుర్తుండాదా?"

దివాకర్ తల వంచుకున్నాడు. గుర్తుంది. ఎందుకు ఉండదు?

"నడుస్తార్లే సారూ, మావోళ్ల కాళ్లు గట్టివి, అంటివి." ఓబుళేసు దుప్పటి మీద చెయ్యి వేసి మెల్లగా తడిమాడు. "అనేసి ఇద్దురూ నవ్వితిరి. ఒట్టు చెప్తాండా, నాకు ఆ పొద్దు కోపం రాల్యా. నిజమే గదా, మా కాళ్లు గట్టివే గదా, నడుస్తాంలే, చిన్నరెడ్డి బంకు నిలబడితే మనవాళ్లకే గదా పని అనుకొంటి. నేను నడస్తా. గొర్లకు ఎవరు చెప్పల్ల? నాలుగైదు నాళ్లు బంకు కాడికే తోలకపోతి. ఆ దీపాలకు, ఆ డీజిలు వాసనకు బెదిరి గొర్లు అడుగు ముందుకెయ్యల్యా. వాటికి వాటి తాతల దావే తెలుసు. ఆ పొద్దు ముందర నడిచే పొట్టేలు ఎనక్కి తిరిగినాది, మంద మొత్తం దాని ఎంట పడినాది. నేనేం చేద్దు?"

గొర్రెల దొడ్డి వైపు నుంచి సన్నగా అరుపులు వినిపించాయి.

"ఊరికి ఎందుకు చెప్పల్యాదన్నా? కదిరక్కకు గూడా?"

"చెప్తే? పిల్లోళ్లు నీ బంకు మీద రాళ్లేస్తారు. మా తిప్పేష్ ఆడ్నే ఉండాడు. ఊరు రెండవతాది. కదిరికి చెప్తే అది నిన్ను శాపం పెడతాది, అది నేను ఇనలేను. నిన్ను చిన్నప్పుడు గొంగట్లో పండబెట్టుకున్నోన్ని." ఓబుళేసు మొదటిసారి దివాకర్ కళ్లలోకి చూశాడు. "చెప్పాల్సినోడు నువ్వు. ఆస్పత్రిలో నా తలకాడ కూచోనుంటివి గదా. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడని నీ నోటికల్లే చూస్తాంటి. కాపీ తాగుతావా అన్నా అని అడిగితివి."

దివాకర్‌కు ఏడుపొచ్చింది. ఏడిస్తే అదీ ఒక నాటకమే అవుతుందనిపించి, అదీ సిగ్గై, పళ్లు బిగబట్టాడు.

"తప్పైపోయిందన్నా. కాళ్లు పట్టుకుంటా," అనబోయి ఆగిపోయాడు. పట్టుకోవడానికి ఎన్ని కాళ్లున్నాయని?

"నా కాడ ఒప్పుకొంటే ఏమొస్తాది? నాకు ముందే తెలుసు." ఓబుళేసు దుప్పటి సర్దుకున్నాడు. "ఇనప్పా. రేపు నేను రోడ్డు కాడికొస్తా, నోరు తెరవను. ఆ ఊసు నా నోట్లోంచి ఎప్పటికీ రాదు. నువ్వు చెప్తే సరే. చెప్పకపోతే ఒగ పని చెయ్యి. ఆ గొర్రెపిల్లను మా ఇంటికి తిప్పి పంపు."

"అన్నా!"

"అది మా కదిరి నిన్ను దేవుడనుకొని ఇచ్చినాది. దొంగ దేవునికి నా పిల్ల వద్దు."

అప్పుడే కదిరమ్మ నీళ్ల బిందెతో వస్తూ దూరం నుంచే, "చిన్నరెడ్డి వచ్చినాడే! కూచో నాయనా, సంగటి తిని పోదువు," అని సంబరంగా అరిచింది. దివాకర్ కూర్చోలేదు. ఏదో పనుందని చెప్పి చీకట్లు ముసరకముందే ఇంటికి చేరాడు. ఓబుళేసు అన్న మాటలన్నీ వనజాక్షికి చెప్పాడు, ఒక్కటీ దాచలేదు. దాచే ఓపిక కూడా మిగల్లేదు ఆయనకు. ఆమె అంతా విని గొర్రెపిల్ల పక్కన ఒక పాత గోనె పరిచింది. దాని మీద అది ముడుచుకుని పడుకుంది.

తెల్లవారాక నక్కలవంక మొత్తం రోడ్డు మీదే ఉంది. ఊరెదురుగా పాత దారి దగ్గర, ఆ సిమెంటు గోడకు ఇటూ అటూ జనం బైఠాయించారు. బండ్లు ఆగిపోయాయి. తాడిపత్రి బండల లారీలు, చీనీకాయల లారీలు, పాల వ్యాన్లు, ఆడపిల్లలతో నిండిన ఫ్యాక్టరీ బస్సు, వెనక కనుచూపు మేర ఇంకా బండ్లే. డ్రైవర్లు దిగి, టవళ్లు నెత్తిన వేసుకుని తమాషా చూస్తున్నారు. ఫ్యాక్టరీ పిల్లలు కిటికీల్లోంచి తొంగిచూస్తూ, ఆలస్యమైతే జీతం కోస్తారమ్మా అని గోల చేస్తున్నారు.

మైకు ఏర్పాటు చేసింది వనజాక్షి తమ్ముడు ప్రవీణ్. బంకులో సగం వాటా అతనిదే. బ్యాటరీ, స్పీకరు పెట్టె, వైర్లు అన్నీ జీపులో తెచ్చి, "బావా, దుమ్ము దులపల్ల ఈ పొద్దు. పేపరోళ్లు గూడా వచ్చినారు," అని దివాకర్ వీపు తట్టాడు. మనిషి ఉత్సాహం చూడాలి! బంకు సందు ఎలా వచ్చిందో తెలియకపోయినా, అది మారదని అతనికి ధీమా. ఊరెదురుగా ఇంకో సందు అడుగుదాం, ఇవ్వకపోతే మన తప్పు కాదు అని రాత్రి ఫోనులోనే చెప్పాడు.

ఓబుళేసును మంచంతో మోసుకొచ్చి అందరి ముందు దించారు. పక్కన కదిరమ్మ. కాసేపటికి పోలీసు జీపు, దాని వెనకే తెల్ల కారు వచ్చాయి. తెల్ల కారులోంచి ఇంజనీరు దిగాడు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని జనాన్ని చూశాడు, వాళ్ల ముందు నిలబడ్డ దివాకర్‌ని చూశాడు. మొహం విప్పారింది. తెలిసిన మనిషి దొరికిన ఆనందం అది. రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. దివాకర్ కూడా చేతులెత్తబోయి, ఒక చేతిలో మైకుందని గుర్తొచ్చి ఆగాడు.

"మాట్లాడన్నా!" అన్నారు జనం.

దివాకర్ మొదలుపెట్టాడు. రోజూ సభల్లో మాట్లాడే మనిషి, నోరు దానంతటదే కదిలింది. "అన్నలారా, అక్కలారా! ఈ రోడ్డుకు మన భూములిచ్చినాము. రోడ్డు మీద బెంగళూరు పోతాండాది, హైదరాబాదు పోతాండాది, మన గొర్లు మాత్రం పోలేకుండాయి. ఈ గోడ కట్టినోళ్లు గుడ్డోళ్లు! ఏసీ గదుల్లో కూచోని..."

చప్పట్లు మోగాయి. ప్రవీణ్ ఈల వేశాడు. ఇంజనీరు తల అడ్డంగా ఊపుతూ చిన్నగా నవ్వుకున్నాడు. ఆ నవ్వును దివాకర్ చూశాడు. ఆ రోజు వసారాలో ఇద్దరూ కలిసి నవ్విన నవ్వే.

అప్పుడు జనం పక్కకు జరిగి ఎవరికో దారి ఇవ్వడం కనిపించింది. వనజాక్షి. తాడు పట్టుకుని గొర్రెపిల్లను నడిపించుకుంటూ వస్తోంది. దాని నుదుట నిన్నటి వంకర బొట్టు అలాగే ఉంది. ఆమె దివాకర్ వైపు చూడలేదు. నేరుగా మంచం దగ్గరికి పోయి తాడు కదిరమ్మ చేతిలో పెట్టింది.

కదిరమ్మ తాడునూ గొర్రెపిల్లనూ మార్చి మార్చి చూసింది. ఆమె మొహంలో రక్తం లేదు. అందరి ముందూ ఇంటి పిల్లను తిప్పి ఇచ్చారు. చుట్టూ ఉన్న కురుబోళ్ల ఆడవాళ్లు గుసగుసలు ఆపేశారు.

"ఎందుకు తల్లీ తిప్పిస్తాండావు?" కదిరమ్మ గొంతు సన్నగా వచ్చినా, చప్పట్లు ఆగిపోవడంతో అందరికీ వినిపించింది. "మేమేం తప్పు చేసినాము?"

ఆ ప్రశ్న దివాకర్ ఎముకల్లోకి దిగింది. తప్పు తనది. లెంపలు వేసుకుంటున్నది ఆమె. ఓబుళేసు మంచం మీద కళ్లు మూసుకున్నాడు. మాట ఇచ్చినట్టే నోరు తెరవలేదు.

దివాకర్ మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏసీ గదుల్లో కూచున్నోళ్లు కాదు," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "సందు ఈడనే ఉండాల్సింది. దీన్ని జరిపించినోడు యావడో నాకు తెలుసు. ఆ పేరు ఈ పొద్దు చెప్తా."

"చెప్పన్నా! పేరు చెప్పు!" జనం లేచి నిలబడ్డారు. పేపరువాళ్లు ముందుకు తోసుకొచ్చారు. ఇంజనీరు మొహంలో నవ్వు ఆరిపోయి, మెల్లగా కారు వైపు అడుగు వేశాడు.

"వాడు మన ఊరోడే. వీరప్పరెడ్డి కొడుకు..."

ఆ పేరు మధ్యలోనే టప్పుమని మైకు ఆగిపోయింది. దివాకర్ పెదవులు కదిలాయి గానీ మాట పెట్టెలోంచి రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే ప్రవీణ్ చేతిలో పీకేసిన వైరుంది. అంతా అర్థమైనట్టు కళ్లతోనే బతిమాలుతున్నాడు, వద్దు బావా అని. ముందున్న ఒకరిద్దరికి తప్ప ఎవరికీ ఆ పేరు వినపడలేదు. ఏమన్న్యాడు, ఎవురి కొడుకంట అని ఒకటే గోల. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. బ్యాటరీ పోయింది అని ఒక్క మాట అంటే చాలు. ప్రవీణ్ అప్పుడే ఆ మాట అరుస్తున్నాడు కూడా.

గోలలోంచి కదిరమ్మ లేచింది. గొర్రెపిల్లను చంకనెత్తుకుని, మనుషులను తోసుకుంటూ వచ్చి దివాకర్‌కు మూరెడు దూరంలో నిలబడింది. ఊళ్లో వీరప్పరెడ్డి ఒక్కడే, ఆయనకు కొడుకూ ఒక్కడే. ఆమెకు అది తెలుసు. అయినా ఆమె కళ్లు నమ్మడానికి ఒప్పుకోకుండా అతని నోటి వైపే చూస్తున్నాయి.

"మైకు లేకున్నా నాకు ఇనపడ్తాది," అంది. "చెప్పు నాయనా. ఎవుడు వాడు?"